అబ్రాహాము ఫార్ములా

అంతా గంజి దగ్గర మొదలైంది.

రావు సాహెబ్ ఆశీర్వాదం గారు అద్దం ముందు నిలబడి మెడకి కాలరు పెట్టుకున్నారు. కాలరు ఒక్క క్షణం నిలబడి, ఆయన ముఖం చూసి, కుడిపక్కకి వాలిపోయింది. తిప్పి పెట్టారు. ఎడమపక్కకి వాలింది.

"దయామణీ! దీనికి గంజి పెట్టలేదా?"

"గంజి లేదండీ," అంది దయామణి వంటింట్లోంచి.

"అన్నం వండే ఇంట్లో గంజి లేకపోవడమేటి?"

"ఉండేది. పొద్దున్నే అపా వాళ్ల ఆవుకి పోసేశాను."

రావు సాహెబ్ గారు అద్దాన్ని వదిలి వంటింటి గుమ్మంలోకి వచ్చారు.

"ఎవరి ఆవుకి?"

"పక్కింటి పట్నాయక్ గారి ఆవుకి."

"నా మీద కోర్టులో దావా వేసినవాడి ఆవుకి నా కాలరు గంజి పోశావా?"

"దావా వేసింది ఆయన కదండీ, ఆవు కాదు. ఇందాక మీరు తాగిన కాఫీలో పాలు దానివే."

రావు సాహెబ్ గారు తన కడుపులోకి వెళ్లిన పాలని అనుమానంగా తలుచుకున్నారు. ఈలోగా వెనకగదిలోంచి ఆయన తల్లి బుల్లమ్మ గొంతు లేచింది.

"ఏట్రా ఆ గోల? రామయ్యపట్నం ఇసకలో సొక్కా నేకుండా తిరిగినోడివి. ఇయ్యాల కాలరు నిలబడితే ఏటి, పడిపోతే ఏటి?"

"అమ్మా, ఈ సాయంత్రం నేను గంజాం జిల్లాకి శాంతి ప్రకటించబోతున్నాను."

"పెకటించు. మెడకి తువ్వాలు సుట్టుకుని ఎల్లి పెకటించు."

శాంతి తువ్వాలు చుట్టుకుని వెళ్లలేదు. వాలిన కాలరుతోనే వెళ్లింది. ఆ కాలరుని చూసి సభలో కొందరు, జిల్లా కోసం పాటుపడి పాటుపడి మనిషి ఎంత నలిగిపోయాడో చూడండి అనుకున్నారట. గొప్పవాళ్లకి అన్నీ అలా కలిసొస్తాయి.

ఆ రోజుల్లో బరంపురంలో నిజంగానే శాంతికి కరువొచ్చింది. జిల్లా ఎప్పట్లాగే మద్రాసు కింద ఉండాలని తెలుగువాళ్లూ, రాబోయే ఒరియా రాష్ట్రంలో కలవాలని ఒరియావాళ్లూ పోటాపోటీగా సభలు పెడుతున్నారు. సరిహద్దు గీయడానికి దొరల కమిటీ ఒకటి వస్తోందని కబురందిన దగ్గర్నుంచీ ఊళ్లో ఎవరి చేతిలో చూసినా మ్యాపే. పుట్టినప్పటి నుంచీ రెండు భాషలూ కలిపి మాట్లాడిన జనం, అంటే ఊరు ఊరంతా, రెండింట్లో ఒకదాన్ని మరిచిపోవడానికి నానా తంటాలూ పడుతున్నారు.

ఇటువంటి గడ్డుకాలంలో శాంతి బరువు ఆశీర్వాదం గారి భుజాల మీద పడింది. దానంతటదే పడలేదు, ఆయనే వెళ్లి దాని కింద నిలబడ్డారు. మునిసిపల్ కౌన్సిలరు, చర్చిలో పెద్ద, ప్రసంగాల్లో దిట్ట. "నేను తెలుగువాణ్ని గనక తెలుగువాళ్లకి కావలసినవాణ్ని. క్రైస్తవుణ్ని గనక ఇద్దరికీ సమానంగా పరాయివాణ్ని. మధ్యవర్తికి ఇంతకంటే ఏం కావాలి?" అనేవారు. మద్రాసు కౌన్సిల్లో క్రైస్తవుల కోసం నామినేషన్ సీటొకటి ఖాళీగా ఉందనీ, శాంతికి పాటుపడ్డవారి పేరు అసిస్టెంటు కలెక్టరు దొర పైకి రాస్తారనీ ఆయనకి తెలియక కాదు. తెలిసినా పట్టించుకోకుండా, ఆ సంగతిని మూడు పూటలా తలుచుకుంటూ సేవ చేస్తున్నారు.

టౌన్ హాల్లో ముందు వరసలో దొర, కుడివైపు తెలుగువాళ్లు, ఎడమవైపు ఒరియావాళ్లు కూర్చున్నారు. ఆడవాళ్లకి తెర వెనక బెంచీలు వేశారు. అక్కడ మాత్రం జాగా చాలక అందరూ కలిసే కూర్చున్నారు. దయామణి పక్కన పట్నాయక్ గారి భార్య సుభద్ర. దయామణి ఆమెని అపా అంటుంది, అంటే అక్క అని.

"సోదరులారా," అన్నారు రావు సాహెబ్ గారు. "అబ్రాహాముకీ, ఆయన తమ్ముడి కొడుకు లోతుకీ మందలు పెరిగాయి. నేల చాల్లేదు. కాపరులు కొట్టుకున్నారు. అబ్రాహాము పెద్దవాడు. కావాలంటే మొత్తం ఉంచుకోవచ్చు. ఆయనేం చేశాడు? నాయనా, నీకు నచ్చిన వైపు నువ్వు తీసుకో, మిగిలింది నేను తీసుకుంటానన్నాడు. నేల ఇచ్చాడు, శాంతి తెచ్చుకున్నాడు. గంజాం సమస్యకి ఇదే నా క్రైస్తవ పరిష్కారం. దీని పేరు అబ్రాహాము ఫార్ములా!"

చప్పట్లు మోగాయి. అవి ఆగాక పట్టుచీరల వర్తకుడు జగ్గన్న లేచాడు.

"బాగుందండీ. ఇందులో అబ్రాహాము ఎవరు? మేమా, ఒరియావాళ్లా?"

"ఎవరైనా కావచ్చు. ఇచ్చేవాడిదే గొప్పతనం."

"అయితే ఆ గొప్పతనం వాళ్లకే వదిలేస్తామండీ. మేం లోతుగా సర్దుకుంటాం."

ఎడమవైపు నుంచి నల్లకోటు గదాధర పట్నాయక్ గారు లేచారు. ఆయన ప్లీడరు. దాహమేసినా "అభ్యంతరం" అనే అడుగుతారని ప్రతీతి.

"అభ్యంతరం! లోతు చిన్నవాడు. జిల్లాలో అన్యాయమైపోయిన చిన్నవాళ్లం మేము. లోతు స్థానం మాది."

"ఎంచుకునేదేమో లోతు, పేరొచ్చేదేమో అబ్రాహాముకి. రెండూ ఒకరికే వచ్చే పాత్ర ఏదైనా ఉందా అండీ?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

"ఆ లోతు ఎంచుకున్న ఊరు చివరికి నిప్పులవానలో కాలిపోయిందని మిషన్ స్కూల్లో చెప్పారండీ," అని ఇంకెవరో గుర్తుచేశారు.

"అది తర్వాతి సంగతి," అన్నారు రావు సాహెబ్ గారు. "మన ఫార్ములా ఆ ఊరు కాలకముందే ముగిసిపోతుంది."

చివరికి సభ ఏకగ్రీవంగా ఒక తీర్మానం చేసింది. అబ్రాహాము గారి ఉదారతని రెండు పక్షాలూ మనసారా అభినందించాయి. ఎదుటి పక్షం ఆయన అడుగుజాడల్లో నడవాలని కోరాయి.

దొర లేచి కరచాలనం చేశారు. చేస్తూ, "చాలా బాగుంది, మిస్టర్ ఆశీర్వాదం. ఈ ఫార్ములాని ఎక్కడైనా పెట్టి చూశారా? మీకూ మిస్టర్ పట్నాయక్‌కీ మధ్య ఏదో నూతి తగాదా నడుస్తోందట?" అన్నారు.

తెర వెనక దయామణి చెయ్యి దానంతటదే వెళ్లి సుభద్ర చేతిని పట్టుకుంది.

ఆ నుయ్యి సంగతి చెప్పాలి. గోపాలపురం రోడ్డు మీద ఆ రెండిళ్లూ పక్కపక్కనే ఉంటాయి. ఒకటి దయామణి తండ్రి కట్టినది. ఆయన మిషన్ స్కూలు హెడ్మాస్టరు. రెండోది సుభద్ర తండ్రిది, ఆయన వకీలు. ఇద్దరూ స్నేహితులు. ఇద్దరికీ కూతుళ్లే. రెండు స్థలాల మధ్య హద్దు మీద మొగలిపొదల పక్కన సరిగ్గా ఎక్కడ తవ్వితే తియ్యటి నీళ్లు పడ్డాయో అక్కడ ఒకే నుయ్యి తవ్వించారు. చుట్టుపక్కల నూతులన్నీ ఉప్పే. నూతి మీద ఒకే దూలం, దూలానికి రెండు గిలకలు, రెండు చేదలు. తూర్పు గిలకతో తోడినవి హిందూ నీళ్లు, పడమటి గిలకతో తోడినవి క్రైస్తవ నీళ్లు. గిలకలు వేరు గనక అడుగున నీళ్ల సంగతి ఎవరూ ఎత్తకూడదన్నది పెద్దల నాటి ఏర్పాటు. మామూలు రోజుల్లో పూజకి నీళ్లు కావాలి గనక ముందు సుభద్ర తోడుకుంటుంది. ఆదివారం చర్చికి వెళ్లాలి గనక ముందు దయామణి. ఈ ఏర్పాటుని దేవుళ్లెవరూ ఇంతవరకూ ఆక్షేపించలేదు.

ఆక్షేపించింది అల్లుళ్లు. ఇద్దరూ ఇల్లరికం వచ్చినవాళ్లే. ఇళ్లూ స్థలాలూ భార్యల పేర ఉండటంతో కాపాడటానికి వాళ్లకి మిగిలింది హద్దు ఒక్కటే. నుయ్యి మొత్తం మాదంటే మాదని ఏళ్ల తరబడి కోర్టులో పోరాడుకుంటున్నారు. ఇద్దరూ వాయిదాకి వెళ్లాక ఆడవాళ్లిద్దరూ నూతి దగ్గర కూర్చుని కూరలు తరుక్కుంటారు.

ఆ రాత్రి రావు సాహెబ్ గారు కోటు విప్పుతూ, "ఫార్ములా మన దగ్గరే మొదలవుతుంది. పట్నాయక్‌ని ఎంచుకోమంటాను. నుయ్యి వాడు తీసుకుంటే తీసుకోనీ," అన్నారు.

"నుయ్యి మా నాన్న తవ్వించింది కదండీ," అంది దయామణి.

"అందుకే ఈ త్యాగం ఇంకా గొప్పది."

"అబ్రాహాము ఇచ్చింది తన సొంతం. మీరిచ్చేది నాది."

"దయామణీ, భార్యాభర్తలు ఏకశరీరం."

"మరి నీళ్లు మొయ్యాల్సి వచ్చినప్పుడు ఆ శరీరంలో నా వైపే ఎందుకు లేస్తుందండీ?"

రావు సాహెబ్ గారు దీర్ఘంగా నిట్టూర్చారు. ప్రవక్తల ఇళ్లల్లో ఎవరికీ సుఖం లేదని ఆ నిట్టూర్పుకి అర్థం.

"ఇస్సాకు కథ గుర్తు తెచ్చుకో. పొరుగువాళ్లు తగాదాకి వస్తే నుయ్యి వెనక నుయ్యి వదిలేశాడు."

"వదిలేసి ఇంకోటి తవ్వుకున్నాడు. రేపు పొద్దున్న పలుగు ఇమ్మంటారా మీకు?"

మర్నాడు దయామణి పాస్టరుగారి దగ్గరకి వెళ్లింది. నాబోతు అనే ఆయన్ని రాజుగారు ద్రాక్షతోట ఇమ్మని అడిగితే, దానికంటే మంచి తోట బదులిస్తానన్నా, తండ్రుల నాటి నేల ఇవ్వనన్నాడు కదా, అతనూ దేవుడి మనిషే కదా అని అడిగింది. పాస్టరుగారు కళ్లజోడు తుడుచుకున్నారు. చాలా మంచి ప్రశ్నన్నారు. చర్చి పైకప్పు మరమ్మతు కమిటీకి రావు సాహెబ్ గారే అధ్యక్షులన్నారు. వానాకాలం వెళ్లాక నాబోతు మీద ప్రసంగిస్తానన్నారు.

ఫార్ములా ప్రదర్శన జరిగిన రోజు నూతి దగ్గర కుర్చీలు వేశారు. దొర వచ్చారు. మునిసిపల్ ఓవర్సీరు కూర్మారావు గొలుసు పట్టుకుని వచ్చాడు. పత్రికా విలేకరి శ్యామసుందర్ ముందే రాసుకున్న వార్తతో వచ్చాడు. పెరటి కిటికీ దగ్గర దయామణి, ఆమె వెనక బుల్లమ్మ నిలబడ్డారు. ఎదుటి కిటికీలో సుభద్ర.

రావు సాహెబ్ గారు చెయ్యి చాపి, "పట్నాయక్ గారూ, ఈ నేల మీ ముందు ఉంది. నూతికి ఏ వైపు కావాలో ఎంచుకోండి," అన్నారు.

పట్నాయక్ గారు పెన్సిలు తీసిన విలేకరిని చూశారు. దొరని చూశారు. ఎంచుకుంటే తాను లోతు అయిపోతాడని ఆయనకి అప్పుడు తట్టింది.

"అభ్యంతరం! మీరే ఎంచుకోండి రావు సాహెబ్. ఒరియా జాతి ఇచ్చేదే గాని పుచ్చుకునేది కాదు."

"అబ్బే, మీరు ఎంచుకోవాలి. ఫార్ములా నాది."

"ఫార్ములా మీదైతే కావచ్చు. ఉదారత ఎవరి సొత్తూ కాదు."

"పెద్దవాణ్ని నేను చెబుతున్నాను, తీసుకోండి."

"మీకంటే నేనే పెద్ద. జాతకం చూపించమంటారా?"

ఇలా ఒకరి మీద ఒకరు నేల విసురుకుంటూ ఉండగా ఎండెక్కింది. అంతవరకూ నుయ్యి నాదంటే నాదని కొట్టుకున్నవాళ్లు ఇప్పుడు నీదంటే నీదని కొట్టుకుంటున్నారు. గొంతులు మాత్రం అవే.

"ఇదేటే కోడలా," అంది బుల్లమ్మ, "ఇద్దరూ ఇచ్చెత్తన్నారు, ఎవుడూ పుచ్చుకోడు. మరి తగువేటి?"

"ఇచ్చేది వాళ్లది కాదు కదత్తా. అందుకే అంత సులువుగా వస్తోంది."

దొర గడియారం చూసుకుని, "జెంటిల్మెన్, సగం సగం," అని లేచారు.

కూర్మారావు చురుకైన ఉద్యోగి. గీతంటే గీతే. గొలుసు పట్టి కొలిస్తే సగానికి సగం గీత సరిగ్గా నూతి మధ్య నుంచి వెళ్లింది. గీత మీద గోడ కట్టాలన్నాడు. నూతి మీద ఎలా కట్టాలని మేస్త్రీ అడిగితే, అడ్డంగా రైలుపట్టా వేసి దానిమీద కట్టమన్నాడు. గిలకల దూలం ఒక చివర ఇటూ ఒక చివర అటూ ఉండి హద్దుని అతిక్రమిస్తోందని పీకించేశాడు.

శాంతి గోడ అలా లేచింది. దొర రిబ్బను కత్తిరించారు. రోడ్డు నుంచి కనబడేలా గోడ మీద తెలుగులో ఒకవైపూ, ఒరియాలో ఒకవైపూ "శాంతి" అని రాయించారు. అవతలి భాష కనబడదు గనక రెండు వర్గాలూ సంతోషించాయి. రావు సాహెబ్, పట్నాయక్ గార్లు గోడ మీదుగా చేతులు కలపబోయారు గాని, గోడ ఎత్తు ఎక్కువై వేళ్ల కొసలే తగిలాయి. శ్యామసుందర్ ఆ వేళ్ల గురించే రెండు కాలమ్‌లు రాశాడు.

నీళ్లు ఎలా తోడాలన్నది మాత్రం వార్తలో రాలేదు.

సగం నోటిలోంచి చేద దిగదు. తోసి దింపితే గోడకి కొట్టుకుని సొట్టపోయి ఖాళీగా వస్తుంది. దయామణి ఇళ్ల వెనక తోపు అవతల ఉప్పునూతి నుంచి బిందెలు మొయ్యడం మొదలుపెట్టింది. నడుం పట్టేసింది. అటు సుభద్రకీ అదే గతి. ఇద్దరూ దారిలో ఎదురైతే మాట్లాడుకోవడానికి కూడా ఊపిరి మిగిలేది కాదు. గోడ మూలంగా గంజి అటు వెళ్లడం మానేసింది, పాలు ఇటు రావడం మానేశాయి. రావు సాహెబ్ గారు పొద్దున్నే ఉప్పటి నల్ల కాఫీ తాగి, మూతి కొద్దిగా వంకరచేసి, "శాంతికి ఈ మాత్రం ఉప్పు తగలాలి," అనేవారు. తర్వాత కౌన్సిలు మెంబర్ల ఇళ్లకి వెళ్లి మంచి కాఫీ తాగి వచ్చేవారు. బుల్లమ్మ మాత్రం ఉప్పునీళ్లు గొంతు దిగక రోజురోజుకీ తాగడం తగ్గించేసింది. "సముద్రం పక్కన పుట్టినా తియ్యనీళ్లే తాగినానే. ముసిలితనంలో ఇదేటి సిచ్చ," అంది ఓ మధ్యాహ్నం గోడవైపు తిరిగి పడుకుని.

ఆ మాట దయామణికి గుచ్చుకుంది. పెరట్లోకి వెళ్లి గోడ మీద తట్టింది.

"అపా!"

"ఆలో, ఏమే దయా! నేనూ ఇక్కడే ఉన్నాను. ఇప్పుడే బిందె దింపాను."

"పట్నాయక్ గారేమంటున్నారు?"

"ఏమంటారు? ఊరూరా సన్మానాలు. నిన్న ఖల్లికోటలో దండ వేశారట. దండ తెచ్చారు గాని దాని మీద చల్లడానికి నీళ్లు లేవు. వాడిపోయింది."

"అపా, మగవాళ్లిద్దరికీ లోతు కావడం ఇష్టం లేదు. అబ్రాహాము కావాలంటే చేతిలో ఏమీ లేదు. నేల మనది. మనం అవుదామా?"

"ఏమవుదాం?"

"అబ్రాహాములం. ఇద్దరం. గోడకి చెవి పెట్టు."

సుభద్ర చెవి పెట్టింది. దయామణి చెప్పింది. గోడ అవతల కిసుక్కుమని నవ్వు.

"హఉ, అలాగే," అంది సుభద్ర. "కట్టుకున్నవాడు అడిగితే?"

"పట్టుచీరలు చూడ్డానికి వెళ్తున్నామని చెబుదాం. అది వింటే మగవాళ్లు ఇంకేమీ అడగరు."

అనుకున్నట్టే ఎవరూ ఏమీ అడగలేదు. ఆడవాళ్లిద్దరూ ఒకే జట్కాలో బజారువైపు వెళ్లడం చూసి శ్యామసుందర్ "ఫలిస్తున్న ఫార్ములా: శాంతి గోడ నీడలో సౌభ్రాతృత్వం" అని మరో వార్త రాశాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం రావు సాహెబ్ గారు మహా ఉత్సాహంగా భోజనానికి కూర్చున్నారు. గాలి కోసం ఆ ఇంట్లో వెనక వరండాలో, పెరటివైపు వీపు పెట్టి భోంచేస్తారు. వంజరం పులుసు. తల్లి పక్కనే కూర్చుంది.

"ఛత్రపురం నుంచి కబురొచ్చింది," అన్నారాయన మొదటి ముద్ద కలుపుతూ. "రేపు సాయంత్రం జిల్లా శాంతి మహాసభ. నేను అధ్యక్షుణ్ని. పట్నాయక్ ముఖ్యవక్త. సీటు సంగతి దొర అక్కడే ప్రకటిస్తారట."

"మంచిదండీ," అంది దయామణి పులుసు వడ్డిస్తూ.

పెరట్లో ఠంగు ఠంగుమని చప్పుడు మొదలైంది.

"ఏమిటది? పట్నాయక్ ఏదైనా కడుతున్నాడా?"

"కట్టడం కాదండీ," అంది దయామణి. "మంచినీళ్లు తాగండి."

రావు సాహెబ్ గారు గ్లాసెత్తి తాగారు. ఆగి, గ్లాసులోకి చూశారు. బుల్లమ్మ తన గ్లాసు గటగటా ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, ఇంకో గ్లాసు పొయ్యమని చాపింది.

"తియ్యగా ఉన్నాయే," అన్నారు రావు సాహెబ్ గారు.

"మన నూతివే. గోడకి మేస్త్రీ గుమ్మం కొడుతున్నాడు. నూతి మీది గోడ పొద్దున్న మీరు చర్చిలో ప్రసంగం చేస్తున్నప్పుడే తీసేశాడు."

"ఎవరు చెప్పారు తియ్యమని?"

"స్థలం గలవాళ్లు." దయామణి అన్నం గిన్నె కింద పెట్టింది. "మీ ఫార్ములా ప్రకారమే చేశామండీ. గీత గీసి ఎవరి సగం ఏదో మీరే తేల్చి పెట్టారు కదా. నూతి దగ్గర నా సగం నేను అపాకి ఇచ్చేశాను. తన సగం అపా నాకిచ్చింది. రిజిస్ట్రీ అయిపోయింది. ఇప్పుడు గోడకి మనవైపున్నది వాళ్లది, వాళ్లవైపున్నది మనది. నా స్థలానికి నేను వెళ్లాలంటే వాళ్ల పెరట్లోకి వెళ్లాలి. తన స్థలానికి తను రావాలంటే మన పెరట్లోకి రావాలి. గుమ్మం లేకపోతే ఎలా?"

ముద్ద రావు సాహెబ్ గారి నోటికీ కంచానికీ మధ్య ఆగిపోయింది.

"రిజిస్ట్రారు ఎలా ఒప్పుకున్నాడు?"

"అనంతపద్మనాభం గారు కారణం ఏమిటని అడిగారు. శాంతి కోసమన్నాం. ఆయన మీ ప్రసంగం విన్నారట. కళ్లనీళ్లు పెట్టుకుని, ఇన్నాళ్లకి ఒక్కరైనా ఆచరించారమ్మా అన్నారు."

"నన్ను అడక్కుండా, నా నేలని, ఆ పరాయివాళ్లకి ఇచ్చేస్తావా? తండ్రులు తవ్వించిన నుయ్యి! నేలంటే ఏమనుకున్నావు, ఎవడికి పడితే వాడికి ఇచ్చెయ్యడానికి?"

"నీ నేలేట్రా?" అంది బుల్లమ్మ. "నీది రామయ్యపట్నంలో ఇసక. అది ఎవుడూ అడగనేదు. పులుసు సల్లారిపోతంది, తిను."

అప్పుడే గోడ అవతల నుంచి "అభ్యంతరం!" అని ఒక కేక వినిపించింది. సగం కొట్టిన గుమ్మంలోంచి ముందు నల్లకోటు, దాని వెనక సున్నపు దుమ్ముతో పట్నాయక్ గారు బయటికి వచ్చారు. ఆయన చేతికి ఇంకా అన్నం మెతుకులున్నాయి. క్రైస్తవుల ఇంట్లో ఆయన భోంచెయ్యరు గనక వరండా మెట్టు దగ్గరే ఆగారు.

"రావు సాహెబ్! తెలిసిందా మీకు?"

"ఇప్పుడే తెలిసింది పట్నాయక్ గారూ."

"మన భూమి!"

"మన భూమే!"

ఏళ్ల తరబడి ఒకరి ముఖం ఒకరు సరిగ్గా చూసుకోని ఆ ఇద్దరూ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకున్నారు. రావు సాహెబ్ గారు ఎంగిలి చెయ్యి వెనక్కి పెట్టుకుని, ఎడమ చేత్తో ఆయన ఎడమ చెయ్యి పట్టుకున్నారు. ఈసారి గోడ అడ్డం లేదు గనక చేతులు పూర్తిగా కలిశాయి. రాయడానికి శ్యామసుందర్ అక్కడ లేకపోవడం పత్రికాలోకానికి తీరని లోటు.

ఇద్దరూ మెట్టు దగ్గర తలలు దగ్గరపెట్టి కాసేపు గుసగుసలాడుకున్నారు. తెలుగులో మొదలైన గుసగుస ఒరియాలోకి వెళ్లి మళ్లీ తెలుగులోకి వచ్చింది. ఇద్దరూ ఏ భాషనీ మరిచిపోలేదని తేలింది. తర్వాత రావు సాహెబ్ గారు వచ్చి పీట మీద కూర్చుని, గొంతు సవరించుకుని, సభలో ప్రకటించినట్టే ప్రకటించారు.

"అందరూ వినండి. రేపు పొద్దున్న ఛత్రపురం కోర్టులో నేనూ పట్నాయక్ గారూ కలిసి దావా వేస్తున్నాం, మా భార్యలిద్దరి మీద. వాదించేది ఆయన, సాక్షిని నేను. సాయంత్రం అక్కడే శాంతి మహాసభ. రెండు పనులకీ ఒకటే రైలు, ఒకటే కోటు. దయామణీ, కాలరు నిలబడాలి. గంజి పెట్టి ఉంచు."

"గంజి ఆవు తాగేసింది," అన్నారు వరండాలోంచి దయామణీ, గుమ్మం అవతల నుంచి సుభద్రా, ఒక్కసారే.